ప్రశ్నతో వెళ్ళి జవాబుతో తిరిగి రావడం: ఆఫీస్ పనిలో ఫోరమ్‌లు ఎలా వాడుకోవాలి

సాయంత్రం 4 కి రిపోర్ట్ పంపాలి, అప్పటికే 2 దాటింది. వేరే టీమ్ పంపిన సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైల్) ఎక్సెల్‌లో తెరిస్తే డేట్ కాలమ్ అంతా గందరగోళం. తేదీ 12 లోపు ఉన్న వరసల్లో రోజూ నెలా తారుమారైపోయాయి, 13 నుంచి పైన ఉన్నవేమో డేట్‌గా మారకుండా ఉత్త టెక్స్ట్‌లా ఎడమ పక్కకి అతుక్కుపోయి ఉన్నాయి. పని గురించి ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే ఒక ఆన్‌లైన్ ఫోరమ్‌లో వెతికితే నాలుగు నిమిషాల్లో జవాబు దొరికింది, ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరవకుండా డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసుకోవాలి, చేసేటప్పుడే ఆ కాలమ్‌లో ముందు రోజు తర్వాత నెల ఆ తర్వాత సంవత్సరం ఉన్నాయని చెప్పాలి, అంతే. ఎవరో ఎప్పుడో ఓపిగ్గా రాసిపెట్టిన జవాబు అది, వాళ్ళెవరో నాకు తెలీదు కానీ ఇప్పటికీ రుణపడే ఉన్నా అనుకుంటా.

కానీ ఆ పేజీ కుడి పక్కన వేరే ప్రశ్నల లిస్ట్ ఒకటి ఉంది. అందులో ఒకటి నొక్కా, దాని కింద కామెంట్లు చదివా, కామెంట్‌లో ఉన్న లింక్ నొక్కా, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి, తలెత్తి గడియారం చూస్తే 3:10. రిపోర్ట్ 5 కి వెళ్ళింది, ఆ హడావిడిలో ఒక టోటల్ తప్పు పోయింది, మర్నాడు సరిచేసి మళ్ళీ పంపాల్సి వచ్చింది.

దీనికి మందు ఫోరమ్‌లు పూర్తిగా మానెయ్యడమే అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 లో, సిస్టమ్ అడ్మిన్‌ల కోసం సర్వర్ ఫాల్ట్ 2009 లో మొదలయ్యాయి, అప్పట్నుంచీ అక్కడ పోగైన అనుభవం ఏ ఒక్క ఆఫీస్‌లోనూ దొరకదు. చాలాసార్లు మీ పక్క సీట్లో ఉన్న సీనియర్‌కి కూడా తెలియని విషయం అక్కడ ఉంటుంది. కాబట్టి మానడం గురించి కాదు నేను చెప్పేది, ట్యాబ్ తెరిచే ఆ క్షణంలో మీ చేతిలో ప్రశ్న ఉందా లేదా అనేదాని గురించి. మీది కోడింగ్ అయినా, అకౌంట్స్ అయినా, డిజైన్ అయినా, నెట్‌వర్క్ పని అయినా ఇదే లెక్క.

మొదటి పని: ఒక వారం గమనించండి

ఏమీ మార్చకండి, ఏదీ బ్లాక్ చెయ్యకండి. పక్కన ఒక కాగితం పెట్టుకుని ఫోరమ్ తెరిచిన ప్రతిసారీ టైమ్ వేసి పక్కన ఒక్క అక్షరం రాయండి. నిజంగా ప్రశ్న ఉండి వెళ్తే ప్ర, ఊరికే ఖాళీగా ఉండి వెళ్తే ఖా, చేస్తున్న పని కష్టంగా తగిలి అక్కణ్ణించి తప్పించుకోడానికి వెళ్తే త. ఈ మూడో దాని దగ్గర నిజాయితీగా ఉండాలి, ఎందుకంటే త ని ప్ర అని రాసేసుకోవడం చాలా తేలిక, పనికి సంబంధించిన ఫోరమే కదా అని మనసు సర్ది చెప్పుకుంటుంది. మామూలు సోషల్ మీడియా తెరిస్తే తప్పు చేస్తున్నామని కనీసం తెలుస్తుంది, ప్రొఫెషనల్ ఫోరమ్‌లో ఆ గిల్టీ ఫీలింగ్ కూడా ఉండదు, నేర్చుకుంటున్నాం అనిపిస్తుంది, అందుకే ఇది ఎక్కువ కాలం కనపడకుండా నడుస్తుంది.

రాయడం మర్చిపోయారా, సాయంత్రం బ్రౌజర్ హిస్టరీ తెరిచి చూడండి, అందులో టైమ్‌తో సహా అంతా ఉంటుంది. నా వారం కాగితంలో సగం కంటే ఎక్కువ త లే, అది కూడా దాదాపు అన్నీ ఒకే రకం పని దగ్గర: వేరేవాళ్ళు రాసిన పాత ఫైల్ అర్థం చేసుకోవాల్సి వచ్చినప్పుడల్లా చెయ్యి దానంతటదే కొత్త ట్యాబ్ మీదకి పోతోంది. అది తెలిశాక సగం పని అయిపోయినట్టే, అలాంటి ఫైల్ వచ్చినప్పుడు ముందే జాగ్రత్త పడతా, పక్కన ఎవరైనా ఉంటే కలిసి కూర్చుని చూస్తా. మీకు మీ చోటు వేరే ఉంటుంది, అదేంటో కనిపెట్టండి.

రెండోది: ముందు ప్రశ్న రాయండి, తర్వాతే ట్యాబ్

ఈ మొత్తంలో ఒక్కటే చేస్తాను అంటే ఇది చెయ్యండి. నోట్‌ప్యాడ్ ఒకటి ఎప్పుడూ తెరిచి ఉంచండి, ఫోరమ్‌కి వెళ్ళేముందు అందులో రెండు లైన్లు రాయండి. మొదటి లైన్ మీ ప్రశ్న, పూర్తి వాక్యంలో. రెండో లైన్, చేస్తున్న పని ఎక్కడ ఆగింది, తిరిగొచ్చాక మొట్టమొదట ఏం చెయ్యాలి. ఇలా ఉంటుంది నాది:

"ప్రశ్న: డేట్ కాలమ్‌లో రోజూ నెలా తారుమారు కాకుండా ఇంపోర్ట్ చెయ్యడం ఎలా. తిరిగొచ్చాక: మూడో షీట్‌లో మార్చి నెల టోటల్ సరిచూడాలి."

మొదటి లైన్ రాయలేకపోయారంటే మీ దగ్గర ప్రశ్న లేదు, అప్పుడు వెళ్ళకండి, లేచి నాలుగడుగులు నడిచి మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చోండి. రెండో లైన్ ఎందుకంటే, సోఫీ లెరాయ్ అనే ఆవిడ 2009 లో ఒక రీసెర్చ్ పేపర్ రాశారు, ఒక పని పూర్తవకుండా ఇంకో పనిలోకి వెళ్తే మన ధ్యాస కొంత పాత పనిలోనే ఉండిపోతుందని, దాని వల్ల కొత్త పని కూడా సరిగ్గా చెయ్యలేమని. తర్వాత 2018 లో ఆవిడే ఇంకొకరితో కలిసి చేసిన స్టడీలో, పని వదిలే ముందు ఎక్కడున్నాం, తిరిగొచ్చాక ఏం చెయ్యాలి అని చిన్నగా రాసుకుంటే మధ్యలో వచ్చిన పని మీద ధ్యాస బాగా నిలుస్తుందని తేలింది. నా అనుభవంలో అయితే తిరిగి రావడానికి కూడా ఆ లైనే దారి చూపిస్తుంది, అది కళ్ళ ముందు ఉంటే అరగంట ముందు ఏం ఆలోచిస్తున్నానా అని తడుముకోవక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు ఫోరమ్ హోమ్ పేజీలోంచి మాత్రం వెళ్ళొద్దు. హోమ్ పేజీలో ఉండేది మీకు కావాల్సింది కాదు, మిమ్మల్ని అక్కడే కూర్చోబెట్టేది. గూగుల్‌లో సైట్ అనే ఇంగ్లీష్ మాట కొట్టి కోలన్ పెట్టి గ్యాప్ లేకుండా ఆ ఫోరమ్ అడ్రస్, తర్వాత మీ ప్రశ్నలోని ముఖ్యమైన మాటలు కొడితే ఆ ఫోరమ్‌లో ఉన్న జవాబులే వస్తాయి, తిన్నగా ఆ పేజీలో దిగుతారు. ఎర్రర్ మెసేజ్ ఉంటే దాన్ని యథాతథంగా కొటేషన్ మార్కుల మధ్య పెట్టండి, అందులో మీ ఫైల్ పేరు, ఫోల్డర్ పేరు ఉంటే తీసేసి పెట్టండి, అవి ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండవు కదా.

జవాబు దొరికాక అది ఏ సంవత్సరం నాటిదో చూడండి, ఓటింగ్‌లో పైన ఉన్న జవాబు పదేళ్ళ పాతది అయ్యుండొచ్చు, కొత్త వెర్షన్‌లో పద్ధతి మారిందని కింద మూడో జవాబులోనో కామెంట్‌లోనో ఎవరో చెప్పి ఉంటారు. పనైందా, లింక్ నోట్‌ప్యాడ్‌లో వేసుకుని ట్యాబ్ మూసెయ్యండి. మూసెయ్యడం కూడా ఆ పనిలో భాగమే, తర్వాత మూద్దాం అని వదిలిన ట్యాబే సాయంత్రానికి ఇరవై ట్యాబ్‌లవుతుంది.

మూడోది: ప్రశ్న అడగాల్సి వస్తే

వెతికినా దొరకలేదు, మీరే అడగాలి. ముందు మీ అంతట మీరు ఒక 20 నిమిషాలు ప్రయత్నించండి, ఈ నంబర్ నేను పెట్టుకున్నది, మీ పనిని బట్టి మార్చుకోండి. తర్వాత సమస్యని వీలైనంత చిన్నది చెయ్యండి. రెండువేల వరసల షీట్ ఎవరూ చూడరు, అయిదు వరసల్లో అదే తప్పు వచ్చేలా చిన్న షీట్ చెయ్యండి, రెండొందల లైన్ల కోడ్ అయితే పది లైన్లకి తగ్గించండి. ఇలా తగ్గించే క్రమంలోనే చాలాసార్లు తప్పు ఎక్కడుందో మీకే కనపడిపోతుంది, పోస్ట్ చెయ్యాల్సిన అవసరమే రాదు. ఆ టైమ్ వేస్ట్ అయిందని మాత్రం అనుకోకండి, అది అచ్చంగా మీరు చెయ్యాల్సిన పనే.

ఇంకోటి, మీరు కనిపెట్టిన అడ్డదారి గురించి కాకుండా అసలు సమస్య గురించి అడగండి. ఫైల్ పేరులో చివరి మూడు అక్షరాలు తియ్యడం ఎలా అని అడుగుతారు, నిజానికి కావాల్సింది ఫైల్ ఎక్స్‌టెన్షన్ (పేరు చివర చుక్క తర్వాత ఉండే ముక్క), అది మూడు అక్షరాలే ఉండాలని లేదు. అసలు సంగతి చెప్తే ఒక్క జవాబులో తేలేది, చెప్పకపోతే రెండు గంటలు ప్రశ్నలూ ఎదురు ప్రశ్నలూ నడుస్తాయి.

ఇక్కడ ఒక విషయం చాలా సీరియస్‌గా చెప్తున్నా. ఆఫీస్ డేటా బయట పెట్టకండి. కస్టమర్ పేర్లు, ఫోన్ నంబర్లు, సర్వర్ అడ్రస్‌లు, పాస్‌వర్డ్‌లు, లోపలి ప్రాజెక్ట్ పేర్లు ఏవీ పోస్ట్‌లో ఉండకూడదు. టెక్స్ట్‌లో అందరూ జాగ్రత్తగానే ఉంటారు, దొరికిపోయేది స్క్రీన్‌షాట్‌లోనే, పైన బ్రౌజర్ ట్యాబ్‌ల మీద ప్రాజెక్ట్ పేరు, మూలన మెయిల్ నోటిఫికేషన్, అడ్రస్ బార్‌లో లాగిన్ టోకెన్ (పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి పోనిచ్చే కోడ్) ఉంటాయి. డిలీట్ చేస్తే పోతుందిలే అనుకోవద్దు, అప్పటికే సెర్చ్ ఇంజన్లు కాపీ తీసుకుని ఉండొచ్చు. పాస్‌వర్డ్ లాంటిది పొరపాటున పోస్ట్ అయితే ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి, పోస్ట్ సంగతి తర్వాత, వెంటనే మీ సెక్యూరిటీ వాళ్ళకి చెప్పండి. తిడతారేమో అని దాచిపెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది.

పోస్ట్ చేశారా, ఇప్పుడు అసలు పరీక్ష మొదలు, ఎదురు చూడటం. జవాబు వచ్చిందేమో అని రెండు నిమిషాలకోసారి రిఫ్రెష్ కొట్టాలనిపిస్తుంది. అది మీ బలహీనత కాదు. ఫలితం ఎప్పుడొస్తుందో తెలియకుండా అప్పుడప్పుడూ వస్తుంటే ఆ అలవాటు బాగా గట్టిపడిపోతుందని స్కిన్నర్ అనే సైకాలజిస్ట్ 1950 ల్లోనే పావురాల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారు, నోటిఫికేషన్ గంట కూడా అచ్చం అలాగే పని చేస్తుంది. కాబట్టి మనసుతో పోరాడకండి, ఏర్పాటు మార్చండి. పోస్ట్ చెయ్యగానే ట్యాబ్ మూసెయ్యండి, బ్రౌజర్ నోటిఫికేషన్ ఆపెయ్యండి, మెయిల్ అలర్ట్ ఒక్కటి ఉంచి అది వేరే ఫోల్డర్‌లోకి పోయేలా ఫిల్టర్ పెట్టండి, ఫలానా టైమ్‌కి చూస్తా అని నోట్‌ప్యాడ్‌లో రాసేసి ఇంకో పని ఎత్తుకోండి. అర్జెంట్ అయితే అసలు ఫోరమ్ మీద ఆధారపడకూడదు, పక్కనున్న మనిషిని అడగండి.

నాలుగోది: చదవడానికి వేరే టైమ్ పెట్టుకోండి

ప్రశ్న లేకుండా ఊరికే చదవడం చెడ్డదని నేను అనను. ఎప్పుడో ఊరికే చదివిన విషయం ఆరు నెలల తర్వాత పెద్ద ఇబ్బందిలోంచి బయట పడేసిన సందర్భాలు నాకు ఉన్నాయి. కాకపోతే దానికి దాని టైమ్ ఉండాలి, పని మధ్యలోకి చొరబడకూడదు. రోజుకి 25 నిమిషాలు, లేదా వారానికి రెండుసార్లు 40 నిమిషాలు, బుర్ర బాగా పనిచేసే పొద్దున పూట కాకుండా లంచ్ తర్వాత మందంగా ఉండే టైమ్‌లో పెట్టుకోండి. క్యాలెండర్‌లో వెయ్యండి, దాచాల్సిన పనేం కాదు, స్కిల్ పెంచుకోవడం పనిలో భాగమే.

మిగతా టైమ్‌లో కంటబడిన ఆసక్తికరమైన లింకులన్నీ "తర్వాత" అని ఒక ఫైల్ పెట్టి అందులో పడెయ్యండి. లింక్ ఒక్కటే వేస్తే సరిపోదు, ఎందుకు చదవాలనుకున్నానో నాలుగు మాటలు పక్కన రాయాలి. నా ఫైల్‌లో శుక్రవారానికి పాతిక లింకులు ఉంటే నిజంగా చదవాలనిపించేవి నాలుగో అయిదో, మిగతావి చూసి ఇది ఎందుకు పెట్టానబ్బా అని తీసేస్తా. ఆ ఇరవై కూడా మామూలుగా అయితే వచ్చిన క్షణంలోనే చదివేసేవాణ్ణి కదా.

వీలైతే ఆర్ఎస్ఎస్ ఫీడ్ వాడండి, అంటే సైట్ తెరవకుండానే అందులో కొత్తగా వచ్చినవాటి లిస్ట్ తెచ్చిపెట్టే ఏర్పాటు, పాత పద్ధతే కానీ దీనికి బాగా నప్పుతుంది, స్టాక్ ఓవర్‌ఫ్లో, సర్వర్ ఫాల్ట్ లాంటివన్నీ ఉన్న స్టాక్ ఎక్స్‌చేంజ్ అనే గుంపు సైట్లలో ఒక్కో ట్యాగ్‌కి (ప్రశ్న ఏ విషయం మీదో చెప్పే పేరుకి) విడిగా ఫీడ్ ఉంటుంది, మీ పనికి సంబంధించిన రెండు మూడు ట్యాగ్‌లు పెట్టుకుంటే కొత్త ప్రశ్నల హెడ్డింగులు మాత్రం వస్తాయి, పక్కన మెరిసే లిస్టులు ఏమీ ఉండవు.

అయిదోది: జవాబులు చెప్పేవాళ్ళయితే

తీసుకున్నాక తిరిగి ఇవ్వాలి, దాన్ని నేను గట్టిగా నమ్ముతా. కానీ పాయింట్ల లాగుడు చాలా బలమైంది, స్టాక్ ఓవర్‌ఫ్లోలో మీ జవాబుకి ఒక అప్‌వోట్ వస్తే 10, అడిగినవాళ్ళు దాన్నే ఒప్పుకుంటే 15, ఆ నంబర్ పెరుగుతుంటే చూడాలనే ఉంటుంది. ఆఫీస్ టైమ్‌లో అయితే మీరు ఈ వారం నిజంగా చేసిన పనికి సంబంధించిన ప్రశ్నలకే జవాబు రాయండి, మీకూ అది తాజాగా గుర్తుంటుంది, రాస్తే ఇంకా గట్టిపడుతుంది. మిగతావి ఇంటికెళ్ళాక.

వాదనలో మాత్రం దిగొద్దు. ఎవరో తప్పు చెప్పారు, మీరు మర్యాదగా ఒక కామెంట్‌లో సరిచేశారు, వాళ్ళు మళ్ళీ ఎదురు చెప్పారు, అవసరమైతే ఇంకొక్క కామెంట్, ఇక అక్కడితో ఆపండి. చదివేవాళ్ళకి రెండు వైపులా కనపడ్డాయి, వాళ్ళే తేల్చుకుంటారు. వాదనలో ఖర్చయ్యేది రాసిన పది నిమిషాలు కాదు, తర్వాత గంటసేపు పని చేస్తూ మనసులో రాసుకుంటూ ఉండే జవాబులు.

ఆరోది: సెట్టింగులు

అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నట్టు ఇవి ఒక్కసారి పెట్టేస్తే రోజూ తిప్పలు ఉండవు. బ్రౌజర్‌లో ఆఫీస్ పనికి విడిగా ఒక ప్రొఫైల్ చేసుకోండి, అందులో ఫోరమ్‌లలో లాగిన్ అవ్వకండి, లాగిన్ లేకపోతే నోటిఫికేషన్ గంటా ఉండదు పాయింట్లూ కనపడవు, చదవడానికి ఏ అడ్డూ ఉండదు. నా రిపోర్ట్ ఆలస్యం చేసిన ఆ పక్క లిస్ట్ పేరు హాట్ నెట్‌వర్క్ క్వశ్చన్స్, యూబ్లాక్ ఆరిజిన్ లాంటి ఎక్స్‌టెన్షన్‌తో (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) పేజీలో ఆ ముక్కని ఎంచుకుని దాచేస్తే మళ్ళీ కనపడదు. లీచ్‌బ్లాక్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక సైట్‌ని ఫలానా టైమ్ నుంచి ఫలానా టైమ్ దాకా ఆపొచ్చు, లేదా రోజుకి ఇన్ని నిమిషాలే అని పెట్టొచ్చు. ఫోరమ్ మొత్తాన్ని కాకుండా హోమ్ పేజీని మాత్రం బ్లాక్ చెయ్యండి, సెర్చ్‌లోంచి వచ్చే జవాబు పేజీలు తెరుచుకోవాలి.

టెక్నాలజీ వార్తల మీద చర్చలు నడిచే హ్యాకర్ న్యూస్ సైట్ చదివేవాళ్ళయితే మీ ప్రొఫైల్ పేజీలోనే నోప్రోక్రాస్ట్ అని ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేస్తే మామూలుగా 20 నిమిషాలు చూడనిచ్చి తర్వాత 180 నిమిషాల దాకా లోపలికి రానివ్వదు, ఆ రెండు నంబర్లూ మీరు మార్చుకోవచ్చు. ఒక సైట్ తనని తక్కువ వాడమని తనే సెట్టింగ్ ఇవ్వడం నాకు చాలా నచ్చింది, మిగతావాళ్ళూ ఇలా చెయ్యాలి. ఫోన్‌లో ఫోరమ్ యాప్‌లు తీసెయ్యండి, కంప్యూటర్‌లో ఎంత బ్లాక్ చేసినా జేబులో ఇంకో తలుపు తెరిచి ఉంటే లాభం లేదు.

ఏడోది: మేనేజర్‌తో ముందే మాట్లాడండి

స్క్రీన్ మీద ఫోరమ్ కనపడగానే పక్కనుంచి వెళ్ళేవాళ్ళు ఆడుకుంటున్నారనుకుంటారు, మీరేమో గబుక్కున విండో మారుస్తారు, దాంతో లేని అనుమానం పుడుతుంది. అందుకని ముందే చెప్పెయ్యండి, ఫలానా సైట్లు పని కోసం వాడుతున్నా, ఫలానా టైమ్‌లో చదువుతున్నా అని. మాటలతో పాటు చేతిలో ఏదైనా చూపిస్తే ఇంకా మంచిది. టీమ్ అందరికీ కనపడే పేజీ ఒకటి పెట్టి, ఫోరమ్‌లో దొరికిన ప్రతి మంచి జవాబునీ సమస్య ఏంటి, ఏం చేశాం, లింక్ ఏంటి అని మూడు లైన్లలో రాయండి. మళ్ళీ అదే సమస్య ఇంకొకరికి వస్తే వాళ్ళు ఫోరమ్ దాకా వెళ్ళక్కర్లేదు, ఆ పేజీ చాలు. కోడ్ కాపీ చేసినప్పుడు కూడా లింక్ పక్కన పెట్టడం అలవాటు చేసుకోండి, స్టాక్ ఓవర్‌ఫ్లోలో రాసినవన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంటాయి, రాసినవాళ్ళని పేర్కొనాలి, మార్చి పంచుకుంటే అదే లైసెన్స్ కింద పంచుకోవాలి అనే షరతులు ఉన్నాయి, అమ్మే ప్రోడక్ట్‌లో వాడేముందు మీ ఆఫీస్ రూల్ ఏంటో కనుక్కోండి.

మీరే మేనేజర్ అయితే, దయచేసి అన్నీ కలిపి బ్లాక్ చెయ్యకండి. పని తెలిసినవాళ్ళు ఫోన్‌లో చూసి స్క్రీన్ మీదకి చేత్తో టైప్ చేసుకుంటారు, కొత్తగా చేరినవాళ్ళు అడగడానికి భయపడి రోజంతా ఒకే ఎర్రర్ దగ్గర కూర్చుంటారు. ఎంతసేపు ఏ సైట్‌లో ఉన్నారని లెక్క తియ్యడం కంటే ఇచ్చిన పని ఎలా వచ్చిందో చూడండి.

జారిపోయిన రోజున

జారతారు, ముఖ్యంగా మొదటి రెండు వారాల్లో. గంట పోయిందని తెలియగానే సాధారణంగా మనం చేసేది, ఎలాగూ పోయింది కదా ఇంకాసేపు అని కొనసాగించడం, లేకపోతే పోయిన గంటని లాక్కురావాలని పరుగెత్తడం. ఈ రెండోది మంచిగా కనపడుతుంది కానీ నా రిపోర్ట్‌లో టోటల్ తప్పింది అక్కడే. గ్లోరియా మార్క్ అనే ప్రొఫెసర్ బృందం 2008 లో చేసిన స్టడీలో, మధ్యలో అంతరాయం కలిగినవాళ్ళు పనిని ఇంకా తొందరగానే ముగించారు, కాకపోతే ఒత్తిడీ చిరాకూ ఎక్కువయ్యాయి. అంటే మనకి తెలియకుండానే స్పీడ్ పెంచేస్తాం. కాబట్టి ట్యాబ్‌లన్నీ ఒక్కసారిగా మూసెయ్యండి, ఒక్కొక్కటీ చూస్తూ మూస్తే మళ్ళీ చిక్కుకుంటారు. లేట్ అవుతుందని ఎవరికి చెప్పాలో వాళ్ళకి ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టండి, 4 కి రావాల్సింది 5 కి వస్తుందని 3:10 కే చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు. తర్వాత నోట్‌ప్యాడ్‌లో ఆ రెండో లైన్ చదవండి, మూడో షీట్, మార్చి టోటల్, అక్కణ్ణించి మామూలు స్పీడ్‌లో మొదలుపెట్టండి.